కొండను తవ్వి ఎలుకను పట్టవలసిందే

పడిన శ్రమకూ దక్కిన ఫలానికీ పొంతన లేదని చెప్పడానికి మనవాళ్ళు 'కొండను తవ్వి ఎలుకను పట్టినట్లు' అంటారు. దక్షిణ అట్లాంటిక్ సముద్రంలోని దక్షిణ జార్జియా దీవిలో అక్షరాలా ఆ పనే చేశారు. సీళ్ళ కోసం, తిమింగిలాల కోసం వచ్చిన వేట ఓడల నుంచి దిగిన ఎలుకలు, సుమారు రెండు శతాబ్దాలు అక్కడి పక్షుల గుడ్లనూ పిల్లలనూ తిని వర్ధిల్లాయి. 2011, 2013, 2015 సంవత్సరాలలో మూడు విడతలుగా, వెయ్యి చదరపు కిలోమీటర్లకు మించిన నేలమీద హెలికాప్టర్ల నుంచి విషపు ఎరలు చల్లారు. ఆపైన వాసన పసిగట్టే కుక్కలతో గాలించి, ఒక్క ఎలుకా మిగల్లేదని 2018లో ప్రకటించారు. ప్రపంచంలో మరెక్కడా లేని అక్కడి పిపిట్ పిట్ట, ఎలుకలకు వెరచి వదిలిపెట్టిన నేలకు మళ్ళీ వచ్చి గూడు కట్టుకుంటోంది.

ఈ సంగతి మా ఎర్రగుంట్లలో నలుగురు మిత్రులకు చెబితే సంతోషించినవాడు ఒక్కడూ లేడు. "పక్షులకోసం ఎలుకలను చంపడమేం న్యాయం? అవీ ప్రాణులే కదా!" అన్నాడొకడు. "బలమున్నది బతుకుతుంది, అది ప్రకృతి ధర్మం. మధ్యలో మనమెవరం?" అన్నాడు మరొకడు. "సముద్రం ముఖం చూడాలంటే నెల్లూరు దాటి పోవాల్సిన మనకు ఈ గొడవెందుకు?" అన్నాడు ఇంకొకడు. ఈ మూడు మాటలూ వినడానికి పెద్దరికంగానే ఉన్నాయి. మూడూ బాధ్యతనుంచి తప్పుకునే దారులే.

ప్రకృతి ధర్మమన్న మాట ముందు చూద్దాం. నాలుగు కాళ్ళ మాంసాహారి అడుగుపెట్టని దీవులలో కడలిపక్షులు లక్షల ఏళ్ళపాటు నేలమీదనో, నేలలోని బొరియలలోనో గుడ్లు పెట్టుకున్నాయి. ఆత్మరక్షణ నేర్వవలసిన అవసరం వాటికి రాలేదు. గఫ్ దీవిలో 19వ శతాబ్దపు ఓడలు దించిపోయిన చిట్టెలుకలు తమకన్నా కొన్ని వందల రెట్లు బరువున్న ఆల్బట్రాస్ పిల్లలను గూటిలోనే, ప్రాణముండగానే, రాత్రికి రాత్రి కొరుక్కు తింటాయి. ఆ పిల్ల లేవదు, పారిపోదు. శత్రువు నేలమీదనుంచి రాగలదన్న జ్ఞానమే దాని రక్తంలో లేదు. ట్రిస్టన్ ఆల్బట్రాస్ రెండేళ్ళకు ఒక్క గుడ్డు పెడుతుంది. ఆ ఒక్క బిడ్డా పోతే ఆ జాతి ఏ బలంతో బతకాలి? మిడ్‌వే దీవిలోనైతే 2015 నుంచి చిట్టెలుకలు గుడ్లమీద కూర్చున్న పెద్ద పక్షులనే కొరకసాగాయి. గుడ్డును విడువలేక కూర్చున్న తల్లి కూర్చున్నట్లే చచ్చిపోయింది. వేల మైళ్ళ సముద్రం దాటి ఎలుక తనంతట తాను ఈదుకుంటూ వచ్చిందా? ఓడలో మనిషి మోసుకువచ్చాడు. మనిషి మోసిన దానికి ప్రకృతి పేరు పెట్టడం, దొంగసొత్తుకు దేవుడి ముద్ర వేయడమే.

1918 జూన్‌లో లార్డ్ హౌ దీవి దగ్గర మకాంబో అనే ఓడ నేలకు తగిలి ఆగిపోయింది. దానినుంచి ఎలుకలు ఒడ్డెక్కాయి. ఆ దీవికే సొంతమైన 5 రకాల పక్షులు ఆ తర్వాత లోకంలోనే లేకుండా పోయాయి. ఒక్క ఓడ, ఒక్క ప్రమాదం. దిద్దుబాటుకు ఎరలు చల్లింది 2019లో, అంటే నూరేళ్ళ తర్వాత. ఇంకొక మాట కూడా చెప్పాలి. ఓడలెక్కి లోకమంతా పాకిన నల్ల ఎలుకకు పుట్టినిల్లు మన ఉపఖండమే. "మనకెందుకు" అనేవాళ్ళు ఈ చుట్టరికం గుర్తుంచుకుంటే మంచిది.

ఇక జీవహింస. జమ్మలమడుగు నల్లరేగడిలో పండిన శనగలు గోడౌనుకు చేరగానే మనం చేసే మొదటి పని ఏమిటి? బోను పెట్టడం, మందు పెట్టడం. అప్పుడు ఎవరికీ వినాయకుడి వాహనం గుర్తు రాదు. బస్తా శనగలకోసం చంపితే వ్యవసాయం, ఒక జాతిని నిలబెట్టడానికి చంపితే పాపమా? ఎలుక ప్రాణానికి విలువ లేదని నేననను. విషం తిన్న ఎలుక సుఖంగా చావదు. కాని ఎరలు చల్లకపోతే చావు ఆగదు. ప్రతి ఏడూ గూళ్ళలో, మన కంటికి కనబడకుండా జరుగుతూనే ఉంటుంది. నిప్పంటించినవాడు చేతులు కట్టుకుని నిలబడితే దాన్ని అహింస అనరు.

ఈ వైద్యంలో దోషాలు లేవనీ అనను. అలాస్కాలో ఎలుకల దీవి అనే పేరే పడిపోయిన చోట 2008లో విషం చల్లితే, 46 గద్దలూ, కొన్ని వందల గల్ పక్షులూ చచ్చాయి. అయినా ఎలుకలు పోయాయి, పక్షులు తిరిగి వచ్చాయి, 2012లో దీవికి హవడాక్స్ అన్న పాత పేరు కూడా తిరిగి వచ్చింది. గఫ్‌లో 2021లో అంత శ్రమపడ్డా ఆ ఏడు చివరికే ఒక చిట్టెలుక కనబడింది. మిడ్‌వేలో 2023లో చేసిన ప్రయత్నమూ పూర్తిగా ఫలించలేదు. ఒక్క జంట మిగిలినా మొదటికి వస్తుంది. ఈ ఓటములు చెప్పేది పని మానుకొమ్మని కాదు, మరింత పకడ్బందీగా చేయమని, అంతకన్నా ముందు ఎలుకను దీవి ఎక్కనివ్వవద్దని.

పక్షి పోతే పక్షితో పోదు. మన హిందూ మహాసముద్రంలోనే ఉన్న చాగోస్ దీవులలో చేసిన పరిశోధన 2018లో వెలువడింది. ఎలుకలు లేని దీవులలో కడలిపక్షుల సాంద్రత ఎలుకలున్న దీవులలోకన్నా 760 రెట్లు ఎక్కువ. పక్షుల రెట్ట నేలను సారవంతం చేసి, వానకు కడలిలో కలిసి, పగడపు దిబ్బలకు ఆహారమవుతుంది. అక్కడి చేపల మొత్తం బరువు సుమారు సగం వంతు ఎక్కువగా తేలింది. చెట్టెక్కిన ఎలుక నీళ్ళలోని చేపను కూడా తిన్నట్టే కదా!

మనకేమిటన్న ప్రశ్నకు జవాబు కడప దాటితే దొరుకుతుంది. దీవి అంటే చుట్టూ నీళ్ళే ఉండనక్కరలేదు. పొలాలూ, కాలువలూ, రోడ్లూ చుట్టుముట్టిన లంకమల చిట్టడవి పేరులోనే కాదు, స్థితిలోనూ లంకే. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడి 1986 జనవరిలో అక్కడి రెడ్డిపల్లె దగ్గర దొరికింది. పెద్ద చదువులవాళ్ళు లేదనుకున్న పక్షిని రాత్రిపూట టార్చి వెలుతురులో పట్టినవాడు ఐతన్న అనే స్థానికుడు. 2005లో తెలుగుగంగ కాలువ యంత్రాలు దాని ఆవాసంలోకే వచ్చాయి. అభ్యంతరాలు లేచాక కాలువ దారి మళ్ళింది. కలివికోడీ నేలపక్షే. అడవి అంచున మనం పారబోసే చెత్త, దాని వెంట చేరే ఎలుకలు, వదిలేసిన కుక్కలు, పిల్లులు, వీటిలో ఏది దాని గూటిదాకా పోతుందో తెలుసుకునేదాకా ఆగుదామంటే, తెలిసేనాటికి గూడు ఉండదు. లార్డ్ హౌ పక్షుల సంగతీ అంతే అయింది.

గుట్టకింది చెత్తకుప్పను ఎత్తివేయడానికి హెలికాప్టరు అక్కరలేదు. ఊరి కుక్కకు ఊళ్ళోనే ఇంత కూడు పెట్టడానికి కోట్లు అక్కరలేదు. ఎలుక రేవులో ఉండగా పట్టుకోలేనివాడికే చివరికి కొండ తవ్వే పని పడుతుంది. అంతదాకా వచ్చాక మాత్రం, సామెతను పక్కనబెట్టి తవ్వవలసిందే.