సంపాదకుని మాట: స్వతంత్రార్థిక రచయిత ధర్మము

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి ఉత్తరాంధ్రమును వీడివచ్చి ఖరగ్‌పూరున స్థిరపడిన తెలుగు కుటుంబములలో, పదవీవిరమణ దినమున ఒక్కమారుగా చేతికందు ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ సొమ్ములను ఎచ్చట భద్రపరుపవలెనను చింత సహజమైనది. ప్రజలనుండి సొమ్ము సేకరించిన శారదా సంస్థ 2013లో కూలినపుడు వంగదేశమున అధికలాభాశకు లోనైన సామాన్యుల పొదుపు మట్టిపాలైనది. కావున, ఏ సంస్థకును ఉద్యోగిగాక, వ్యాసమునకింతయని పారితోషికము గైకొని వ్రాయు స్వతంత్రార్థిక రచయితలకు ఈ సంచికను అంకితమొనర్చితిమి. పింఛనులో 40 శాతము వరకు ముందుగా ఏకమొత్తపు సొమ్ముగా మార్చుకొన్నచో, తగ్గిన భాగము 15 ఏండ్లకు మరల దక్కునని రైల్వే కార్మికునకు తేటతెల్లముగా చెప్పగలవాడే మాకు రచయిత. తాను ప్రశంసించు పథకమునుండి కమీషను పుచ్చుకొనువాని వ్రాతకు ఇచ్చట తావులేదు. పాఠకులారా, ఏ పత్రముపైనను సంతకము చేయుటకు ముందు ఈ వ్యాసములను చదువుడు. సందేహములున్నచో మాకు వ్రాయుడు.