అప్పజెప్పితే చాలునా?

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి కంప్యూటరు పరీక్షతో యేం పని అని మీరు అడగవచ్చు. పరీక్ష నాది కాదు, మా మేనల్లుడిది. బి.కాం. ప్యాసై, కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగంలో చేరాలని కాంప్‌టియా వారి 'ఏ ప్లస్' పరీక్షకు చదువుతున్నాడు. పుస్తకం పట్టుకొని అప్పజెప్పించుకోవడం నా వంతు. ఇరవై యేళ్లుగా చేస్తున్న పనే గదా!

ఈ పరీక్ష 1993 నుంచీ ఉన్నది. రెండు భాగాలు, దేని రుసుము దానిదే. ఒక్కొక్క దానికి 90 నిమిషాలు; ప్రశ్నలు 90కి మించవు. 100 నుంచి 900 వరకు ఉండే కొలతలో మొదటిదానికి 675, రెండవదానికి 700 రావాలి. మా అక్కయ్య చీటీ పాడి రెండు రుసుములూ కట్టింది. అందుచేత ఇంటిల్లిపాదికీ ఈ పరీక్షంటే భయమూ, భక్తీను.

కుర్రవాడు విభక్తులు వల్లించినట్టు పోర్టుల నంబర్లు వల్లిస్తాడు: 22, 53, 80, 443, 3389. సమాచారం వచ్చిపోయే గుమ్మాలట అవి. ఇలాంటివి కంఠస్థం చెయ్యక తప్పదు.

ఇంతలో ఓ స్నేహితుడు వచ్చి, "అసలు ప్రశ్నలే అమ్ముతున్నారురా, కొనుక్కో" అన్నాడు. మావాడు నాకేసి చూసి, "మావయ్యా, తప్పితే అమ్మ మళ్ళీ కట్టగలదా?" అన్నాడు. మాట సబబైనదే. నేను నీతులు చెప్పలేదు. పరీక్ష నిబంధనలు చదవమన్నాను. అటువంటి ప్రశ్నలు వాడినట్టు తేలితే ఫలితం రద్దు చెయ్యవచ్చు. ఇచ్చిన పత్రమూ వెనక్కి తీసుకోవచ్చు. డబ్బు పోయే దారి అదేనన్నమాట! పైగా కొన్ని ప్రశ్నలకు తెరమీద పని చేసి చూపాలి. అక్కడ వల్లెవేత నిలవదు.

ఆ పుస్తకంలో నాకు నచ్చింది మరమ్మతు పద్ధతి. ఆరు మెట్లు: చిక్కేమిటో తెలుసుకో; కారణం ఊహించు; ఊహను పరీక్షించు; పథకం వేసి అమలు చెయ్యి; అంతా సరిగా నడుస్తున్నదా చూడు; చేసినదంతా రాసిపెట్టు. కీలకం మొదటి మెట్టులోనే ఉన్నది. వాడుకొనేవారిని అడగాలి, ఈమధ్య యేం మారిందని.

మొన్న పక్కింటి పిన్నిగారి ప్రింటరు మొరాయించింది. మావాడు స్క్రూడ్రైవరు తియ్యబోయి ఆగి, "పిన్నిగారూ, నిన్న ఇంట్లో ఏమైనా మార్చారా?" అన్నాడు. వైఫైకి కొత్త పెట్టె పెట్టించారట. దాని పాస్‌వర్డు ప్రింటరుకు ఎవరూ చెప్పనే లేదు! పావుగంటలో కాగితం బయటికి వచ్చింది. "మరి ఆరో మెట్టు?" అన్నాను. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

ఈ పరీక్షకు 12 నెలల పని అనుభవమంత నేర్పు ఉంటే మేలని పరీక్ష పెట్టేవారంటారు. తప్పనిసరి మాత్రం కాదు. అందుకని రోజూ సాయంత్రం ఓ పాత కంప్యూటరు విప్పి, మళ్ళీ బిగిస్తున్నాడు. "ఉద్యోగం వస్తుందంటావా, తమ్ముడూ?" అని అక్కయ్య ఫోనులో అడుగుతూంటుంది. పత్రం చూసి పిలుస్తారు గాని, ఉంచుకొనేది పని చూసే గదా! అందుకే ఆ చిన్న పుస్తకంలో ఎన్ని పేజీలు నిండాయో ఆవిడకు చెబుతున్నాను.