ఆ ఆదివారం ఎవరిది?

మా ఆయనకు ఫొటోల పిచ్చి. వానలు పడ్డాయంటే చాలు, కరీంనగర్‌లో తెల్లారకముందే బండి తీసి, పొద్దెక్కేసరికి ఆదిలాబాద్ జిల్లా కుంటాల జలపాతం దగ్గర తేలతారు. కడెం నది 150 అడుగుల ఎత్తు నుంచి దూకే చోటది. 2022లో బేగంపేటలో వింగ్స్ ఇండియా జరిగితే, సారంగ్ జట్టు హెలికాప్టర్ల విన్యాసాల కోసం అక్కడికీ పరుగే.

మనిషికో సరదా ఉండాల్సిందే. కానీ కెమెరా ఖరీదు అందరం అడుగుతాం, ఆ ఆదివారాల ఖరీదు అడగం. ఆయన జలపాతం దగ్గరున్న పూట అత్తమ్మ మందులు, పిల్లల చదువు, వంట ఎవరు చూశారు? ఆ సెలవు ఇంట్లో ఇంకొకరు ఇచ్చినదే.

అందుకే మానేయమనను. నెలకో ఆదివారం ఇల్లు ఆయన చూసుకోవాలి, నేను బయల్దేరాలి. నాకు బండి రాదు, బస్సుంది. మీరూ అలగకుండా అడిగి చూడండి.