తోడు నడచువాని ధర్మములు



గత మాసమున మా వీథిలోని యొక యిల్లాలు నాయొద్దకు వచ్చి, కొంగుముడి విప్పి యొక పొట్లము చూపినది. "తాగుడు మాన్పిస్తానన్న పెద్దమనిషి ఇచ్చాడమ్మా. ఆయనకు తెలియకుండా పప్పులో కలిపి పెట్టమన్నాడు. పెట్టనా?" అని యడిగినది. అతడు వైద్యుడా యని నేనడుగగా, కాడనియు, ఒకప్పుడు త్రాగి మానినవాడే యనియు, ఇప్పు డితరులచేత మాన్పించుట వృత్తిగా పెట్టుకొనెననియు జెప్పినది.

త్రాగి మానినవాడు మానదలచినవానికి తోడగుట మంచిదే. జూదమున సర్వమును గోల్పోయి యడవులపాలైన ధర్మరాజు, తనకంటె దుఃఖభాగుడైన రాజు కలడా యని యడుగగా, బృహదశ్వమహాముని యదే జూదమున జెడి మరల బాగుపడిన నలుని కథను వినిపించెను. 1935వ సంవత్సరమున అమెరికాలోని ఆక్రన్ పట్టణమున జరిగినదియు నిట్టిదే. త్రాగుడు మానిన బిల్ విల్సన్ అను నతడు, మరల త్రాగవలెనను కోర్కె బాధింపగా, మానలేక బాధపడుచున్న బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుని వెదకి మాటలాడెను. ఒకరికొకరు తోడై యిరువురును నిలిచిరి. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘ మట్లు పుట్టినది.

ఆ సంఘమున తోడ్పాటునకు జీతము లేదు. తరువాతి కాలమున శిక్షణ పొంది దీనిని వృత్తిగా జేయువారు బయలుదేరిరి. వారిని రికవరీ కోచ్ లందురు. సంఘములోని తోడు, రికవరీ కోచ్, చికిత్స చేయు కౌన్సిలరు, ఈ మువ్వురి పనులును వేరువేరనియు, వానిని కలగలుపరాదనియు 2006లో విలియం వైట్ అను అమెరికా రచయిత విపులముగ వ్రాసెను. 2023లో అమెరికా ప్రభుత్వశాఖ యొకటి, ఇట్టి తోడువారికి 40 మొదలు 60 గంటల శిక్షణయు, పర్యవేక్షణలో 120 గంటల పనియు నుండవలెనని సూచించినది. తాను త్రాగి మానుట యొక్కటియే చాలదని దీని భావము.

కోచ్ చేయవలసిన దేమి? ఆసుపత్రినుండి యింటికి వచ్చిన పిదప దినములు గడచుటయే కష్టము. సంధ్యవేళ కాళ్లు దుకాణమువైపు లాగును. జీతమునాడు పాతమిత్రులు పిలుతురు. అప్పు డెవరితో మాటలాడవలెను, ఏ దారిని ఇల్లు చేరవలెను, పోయిన పని నెట్లు మరల సంపాదింపవలెను అనువానిని ముందుగనే యతనితో గలిసి యోచించుట కోచ్ పని. అతడు ఆజ్ఞాపింపడు, అడుగును. తాను మానిన విధమే యందరకును విధమని పట్టుపట్టడు. మరల త్రాగినచో ఛీకొట్టక, ఎచ్చట జారినదో కలిసి వెదకును.

చేయరానివియు గలవు. మందు ఈయరాదు, వైద్యు డిచ్చినదానిని మానుమనరాదు. ఏండ్ల తరబడి మిక్కుటముగ త్రాగినవాడు ఒక్కమారుగ మానినచో చేతులు వణకుట, మూర్ఛలు, రెండుమూడు దినములలో మతిభ్రమయు గలుగవచ్చును. ప్రాణాపాయమును గలదు. అట్టివానిని గదిలో బెట్టి గడియ వేయింపక వైద్యునొద్దకు బంపుట కోచ్ మొదటి ధర్మము. విన్న రహస్యమును అతని యనుమతి లేక భార్యకైనను జెప్పరాదు. ప్రాణమునకుగాని పసిబిడ్డలకుగాని అపాయమున్నప్పుడు మాత్రము దాచనని తొలినాడే చెప్పియుంచవలెను. ఆ యింట అప్పులు పుచ్చుకొనరాదు. తోడు కోరి వచ్చినవారితో కామసంబంధ మెన్నడును తగదు. ఇన్ని దినములలో మాన్పింతునని పూచీ పడరాదు.

ఇక ఆ పొట్లము. అం దేమున్నదో నాకు దెలియదు. కాని 1948లో డెన్మార్కు పరిశోధకులు వెల్లడించిన డైసల్ఫిరాం అను మందు నిట్లు చాటుగ బెట్టు వాడుక గలదు. అది యొడలిలో నుండగా త్రాగినచో మొగ మెఱ్ఱబడి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపుపోటు పడిపోవును. ప్రాణమే పోవచ్చును. తెలిసి మ్రింగినవాడు జాగ్రత్తపడును. తెలియనివాడు నిత్యమువలెనే త్రాగును. కావున పెట్టవద్దని చెప్పితిని. చాటుగ బెట్టుమన్న పెద్దమనిషి వైద్యుని పనిని తాను జేసెను, మగనికి దెలియవలసినదానిని దాచెను, భార్యచేత మోసము చేయింపజూచెను.

మఱియొక మాట. భర్తకు కోచ్ కావలసినది భార్య కాదు. సీసాలు వెదకుట, కచేరీకి అబద్ధపు సెలవుచీటీలు పంపుట, అప్పులవాండ్రకు సమాధానము చెప్పుట, ఇవి చేసి చేసి ఆమెయే చిక్కి శల్యమగును. ఆమెకును తోడు వలయును. బిల్ విల్సన్ భార్య లోయిస్ 1951లో ఇట్టి కుటుంబములకై అల్-అనాన్ అను వేఱు సంఘమును స్థాపించినవారిలో నొకతె. మన దేశమున 14446 అను సంఖ్యకు ఫోను చేసినచో వ్యసనవిముక్తి విషయమున ఖర్చు లేకుండ సలహా చెప్పుదురు.

ఆ యిల్లాలు మరునాడు పొట్లమును పెద్దమనిషికే తిరిగి యిచ్చి, "మీకు నేర్పినవా రెవరు? మీ పనిని చూచువా రెవరు?" అని యడిగినదట. ఆయన కోపగించుకొని పోయెను. పదిదినముల పిమ్మట భర్తయే ఆసుపత్రికి వచ్చుట కొప్పుకొనెను. ఫల మింకను దెలియదు. మీ యింటికిగాని మీ పొరుగింటికిగాని ఇట్టి తోడు వచ్చినప్పుడు మీరును ఆ రెండు ప్రశ్నలను అడుగుడు. తగినవాడు కోపగించుకొనడు.