క్యాంపర్ మోసే పికప్‌కి నేను వద్దన్న ఆప్షన్లు

ఇక్కడ నేను ఎక్కువగా రాసేది ఫోన్ల గురించే. ఈసారి మాత్రం బండి గురించి. నాలుగు నెలలుగా నా ల్యాప్‌టాప్‌లో తెరిచున్న ట్యాబులన్నీ అవే మరి. ఒక డబుల్ క్యాబ్ పికప్ కొని, దాని వెనక తొట్టిలో పాప్-అప్ క్యాంపర్ పెట్టించి, అమ్మానాన్నల్ని కొల్లేరు గట్టు మీద ఒక రాత్రి పడుకోబెట్టాలి. ప్రాజెక్టు అదీ.

పాప్-అప్ క్యాంపర్ అంటే తొట్టిలో కూర్చునే చిన్న గది అనుకోండి. బండి నడిచేటప్పుడు పైకప్పు కిందకి దిగి ఉంటుంది. ఆగాక పైకి లేపితే చుట్టూ కాన్వాస్ గోడలు సాగుతాయి. అమెరికాలో ఫోర్ వీల్ క్యాంపర్స్ అనే కంపెనీ 1972 నుంచీ ఇవే చేస్తోంది. నేనైతే తాడేపల్లిగూడెంలో బాడీ కట్టే మేస్త్రి దగ్గర చేయిద్దామనుకుంటున్నాను. కప్పు ఎప్పుడూ ఎత్తుగానే ఉండే మోడల్ ఎందుకు వద్దంటే, మా ఊళ్ల సందుల్లో కేబుల్ వైర్లు ఏ ఎత్తులో వేలాడతాయో మీకూ తెలుసు.

'రూఫ్ టెంట్ వేసుకో, చవక' అని ఆఫీసులో అందరూ అన్నారు. నిజమే. కానీ నాన్నకి మోకాళ్ల నొప్పులు, నిచ్చెన ఎక్కలేడు. కైకలూరు దగ్గర పల్లెలో పుట్టిన మనిషి. పెళ్లికి ముందు చేపల చెరువు కాపలా పాకలో ఎన్ని రాత్రులు పడుకున్నాడో లెక్క లేదు. ఏలూరు వచ్చేశాక ఒక్క రాత్రి కూడా అక్కడ గడపలేదు. పోయిన చలికాలం ఆటపాకలో గూడబాతుల్ని చూపించి సాయంత్రానికి ఇంటికి తీసుకొచ్చాను. దార్లో, "పగలు చూస్తే ఏముందిరా, తెల్లారగట్ల వాటి చప్పుడు వినాలి" అన్నాడు. నా ఐదేళ్ల ఈఎంఐకి కారణం ఆ ఒక్క మాట. బండికి ఏడు రోజుల రీప్లేస్‌మెంట్ పాలసీ ఉండదు కాబట్టి ఆప్షన్లు ఒక్కసారే సరిగ్గా ఎంచుకోవాలి.

సరే, అసలు సంగతికొద్దాం. పికప్ రివ్యూలన్నీ టచ్‌స్క్రీన్ ఎన్ని అంగుళాలు, టార్క్ ఎంత, 4x4 ఉందా లేదా అనేవాటి చుట్టూనే తిరుగుతాయి. క్యాంపర్ మొయ్యాలంటే ముందు చూడాల్సిన స్పెక్ ఒక్కటే, పేలోడ్. దాన్ని ఫోన్ స్టోరేజిలా చూడండి. బాక్స్ మీద 128 జీబీ అని ఉన్నా, సిస్టమ్, ముందే వేసిచ్చిన యాప్‌లు తినగా మిగిలిందే మనది. బండికీ అంతే. బ్రోషర్‌లో జీవీడబ్ల్యూ అని ఉంటుంది, అంటే బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి దాటకూడని బరువు. అందులోంచి కెర్బ్ వెయిట్ తీసెయ్యండి. మిగిలిందే మీ స్టోరేజి. కొన్ని బ్రోషర్లలో పేలోడ్ అని వేసే నంబరులో మనుషుల బరువు కలిసి ఉండదు, కొన్నిట్లో ఉంటుంది. అందుకే ఆ లైను వదిలేసి తీసివేత మీరే చేసుకోండి. ఆస్ట్రేలియా యూట్యూబ్ వీడియోలు చూసి 'హైలక్స్ టన్ను మోస్తుంది' అనుకోవద్దు. మన దేశంలో అమ్మే హైలక్స్ బ్రోషర్‌లో అంత లేదు. దేశం మారితే నంబరు మారుతుంది, ఫోన్లలో ప్రాసెసర్ మారినట్టు.

ఇప్పుడు నా లెక్క. క్యాంపర్ గుల్ల 160 కిలోలు, పరుపులు 20, బ్యాటరీ 12, నీళ్లు 40 లీటర్లు అంటే 40 కిలోలు, చిన్న ఫ్రిజ్ అందులో సరుకుతో 25, స్టవ్, గ్యాస్, గిన్నెలు 20, కుర్చీలు, దోమతెర, టూల్స్ 25. మొత్తం 302. మేం ముగ్గురం 210. అన్నీ కలిపితే 512 కిలోలు. మీ బండి తీసివేతలో 600 వచ్చిందనుకోండి, హమ్మయ్య అనిపిస్తుంది కదా?

నాకూ అలాగే అనిపించింది, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్ దగ్గర కాటా ఎక్కించేదాకా. మా కజిన్‌ది రెండేళ్ల నాటి డబుల్ క్యాబ్. ఇనప సైడ్ స్టెప్పులు, వెనక రోల్ బార్, తొట్టి మీద మడత మూత, టూల్ బాక్స్, ఎప్పుడూ దించని రెండో స్టెప్నీ, అన్నీ ఉన్నాయి. ఉల్లిపాయల లారీల మధ్య క్యూలో నిలబడి, మనుషులందరం దిగి, ఖాళీ బండి తూయించాం. ఆ కాటా 10 కిలోల మెట్టులో చూపిస్తుంది. చీటీ మీద బ్రోషర్ బరువు కంటే 120 కిలోలు ఎక్కువ వచ్చింది. 512కి 120 కలపండి, 632. క్యాంపర్ ఎక్కించక ముందే లెక్క తప్పింది. "అన్నయ్యా, అవన్నీ షోరూంలో ఫ్రీగా ఇచ్చారు" అన్నాడు వాడు. ఫ్రీ యాప్‌లు కూడా స్టోరేజి తింటాయి కదా, ఇవీ అంతే.

అందుకే నేను వద్దన్నవాటిలో మొదటిది ఈ యాక్సెసరీల ప్యాకేజీ. పైగా రోల్ బార్, మూత ఉంటే క్యాంపర్ తొట్టిలో కూర్చోదు. డబ్బులిచ్చి బిగించి, మళ్లీ డబ్బులిచ్చి విప్పించాలి. ముందు బుల్ బార్ సంగతి చెప్పక్కర్లేదు, 2017 డిసెంబరులోనే కేంద్రం వద్దంది. టాప్ వేరియంట్ మీద నాకు మోజు ఉండేది, కానీ పెద్ద స్క్రీనూ లెదర్ సీట్లూ కొల్లేరు గట్టు మీద చేసే పనేం లేదు. ఒక్క మినహాయింపు: కింది వేరియంట్‌లో ఎయిర్‌బ్యాగులు గానీ ఈఎస్‌సీ గానీ తగ్గుతున్నాయంటే మారు మాట్లాడకుండా పైదే తీసుకోండి. వెనక ఎత్తుగా బరువున్న బండి మలుపులో ఊగుతుంది, అక్కడ ఈఎస్‌సీ నిజంగా పని చేస్తుంది. రంగు తెలుపు. మే నెల ఎండలో ఏలూరులో నల్ల బండి ముట్టుకున్నవాళ్లకి కారణం చెప్పక్కర్లేదు.

4x4 మీద చాలా ఊగిసలాడాను. ఖర్చు ఎక్కువ, బరువూ ఎక్కువ. చివరికి ఉండాలనే నిర్ణయించుకున్నాను, ఎందుకంటే మా గట్లు నల్లమట్టివి. జల్లు పడితే టైరు గళ్లలోకి మట్టి పట్టేసి సబ్బు మీద నడిచినట్టుంటుంది, ఇటు చెరువు, అటు కాలవ. నిజం చెప్పాలంటే అలాంటి రోజు 4x4 ఉన్నా గట్టెక్కకూడదు. ఉదయం మంచుకి తడిసిన గట్టు మీంచి మెల్లగా వెనక్కి రావడానికి లో రేంజ్ కావాలి, అంతవరకే. హైలక్స్ 700 మిల్లీమీటర్ల నీళ్లలో వెళ్తుందని చెబుతారు. ఆ నంబరు పట్టుకుని, వానాకాలంలో చిన ఎడ్లగాడి దగ్గర కొల్లేరు పొంగి రోడ్డు మీద అడ్డంగా పారుతుంటే దిగకండి. నిలవ నీళ్లు వేరు, పారే నీళ్లు వేరు.

మేస్త్రితో అసలు గొడవ స్ప్రింగుల దగ్గర వచ్చింది. ఆయన మొదట ఇనప యాంగిలర్లు, ప్లైవుడ్‌తో 320 కిలోల డిజైన్ చెప్పాడు. బరువెక్కువైంది బాబాయ్ అంటే, "దానికేముందండీ, వెనక కమానుకి ఇంకో పట్టీ వేయిస్తే సరిపోద్ది. తవుడు బస్తాల బళ్లన్నీ అలాగే తిరుగుతున్నాయి, ఆయ్" అన్నాడు. పట్టీ వేస్తే బండి వెనక వంగదు, నిజమే. కానీ బ్రేకులు అవే, యాక్సిల్ అదే, ఛాసిస్ అదే, జీవీడబ్ల్యూ కూడా అదే. ఫోన్‌లో స్టోరేజి ఫుల్ అన్న నోటిఫికేషన్ ఆఫ్ చేస్తే స్టోరేజి పెరగదు కదా. ఆయనకి కోపం రాలేదు గానీ, రెండ్రోజులు ఫోనెత్తలేదు. మూడోరోజు తనే అల్యూమినియం సెక్షన్లు, మధ్యలో ఫోమ్ ఉన్న ప్యానెళ్లతో 160 లెక్క తెచ్చాడు. ఖర్చు దాదాపు రెట్టింపు. స్క్రీన్ తగ్గించుకున్న డబ్బులు ఇక్కడికి పోయాయి, నాకేం బాధ లేదు.

బరువు ఎంత అన్నది ఒకటి, ఎక్కడ అన్నది ఇంకోటి. వెనక యాక్సిల్ దాటి బరువు వేలాడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తప్పుతుంది, ఛాసిస్ మీద ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి నీళ్లు, బ్యాటరీ క్యాబిన్ గోడకి ఆనించే ఉండాలి. డబుల్ క్యాబ్ తొట్టి పొడవు సుమారు ఐదడుగులు, నాన్న అంతకంటే ఐదంగుళాలు ఎక్కువ. సింగిల్ క్యాబ్ కొంటే తొట్టి పొడవు వస్తుంది గానీ మేం ముగ్గురం కూర్చోవడం ఇబ్బంది. అందుకని కింది బెంచీ వెనక డోరు దించాక బయటకి జరిగేలా చేయిస్తున్నాం. ప్రయాణంలో అది లోపలే ఉంటుంది. నేను క్యాబిన్ మీద అరలో దూరతాను.

బ్యాటరీ విషయంలో మన పాఠకులకి ఎక్కువ చెప్పక్కర్లేదు. 100 ఏహెచ్ లెడ్ యాసిడ్ 30 కిలోల దాకా తూగుతుంది, అదే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 12. ఇంజిన్ నుంచి ఛార్జింగ్‌కి డీసీ-డీసీ ఛార్జర్ పెట్టుకోండి, నేరుగా వైరు లాగొద్దు. టైర్ల మీద లోడ్ ఇండెక్స్ కూడా చూడండి: 112 అంటే ఒక్కో టైరుకి 1120 కిలోలు. సోకు కోసం మార్చే టైర్లలో ఇది తగ్గిపోతుంటుంది.

ఇక కాగితాలు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. అందుకే వెల్డింగ్ ఏమీ లేకుండా, క్లాంపులు విప్పితే దిగిపోయేలా చేయిస్తున్నాను. అయినా నాకు నేనే తీర్పు చెప్పుకోవడం లేదు. డ్రాయింగు పట్టుకుని ఆర్టీవో ఆఫీసులో అడిగాకే, ఇన్సూరెన్స్ వాళ్ల జవాబు మెయిల్‌లో వచ్చాకే బుకింగ్. కొల్లేరు అభయారణ్యం, 2002 నుంచి రాంసర్ చిత్తడి నేల కూడా. అందుకని మేం ఆగేది హద్దు బయట, బంధువుల చెరువు గట్టు మీద.

మొన్న ఆదివారం ఈ లెక్కంతా ఎక్సెల్‌లో నాన్నకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని లైను లైనూ చదివాడు. "నా బరువు డెబ్భై వేశావు, డెబ్భై ఎనిమిది" అన్నాడు. మార్చాను, 520 అయింది. "ఫ్యాన్ ఎక్కడుంది ఇందులో?" అన్నాడు. మర్చిపోయాను. ఇంకో రెండు కిలోలు.