మందు కరువు.. ఉక్రెయిన్ యుద్ధం సెగ అమెరికా గ్యారేజీల్లోని రివాల్వర్ తూటాలకు ఎలా తగిలింది?

గోళ్ల రంగు, చెక్క ఫర్నిచర్‌కు కొట్టే లక్కర్, ఫిరంగి గుండు, రివాల్వర్ తూటా.. ఈ నాలుగింటికీ లింకేంటి? నాలుగింటి తయారీలోనూ వాడేది నైట్రోసెల్యులోజ్. పత్తి గింజకు అంటుకుని మిగిలే నూగు నుంచో, కలప గుజ్జు నుంచో దీన్ని తయారు చేస్తారు. ఉక్రెయిన్ యుద్ధంతో ఫిరంగి గుళ్లకు గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. దాంతో ఈ సరుకు కోసం అందరూ ఒకే క్యూలో నిలబడాల్సి వచ్చింది. ఆ క్యూలో చిట్టచివర ఉన్నవాళ్లే.. అమెరికాలో ఇంటి గ్యారేజీలో కూర్చుని సొంతంగా తూటాలు నింపుకునేవాళ్లు.

2024 ఆరంభంలో అక్కడి పేరున్న కంపెనీ అలయంట్ పౌడర్ ఈ వినియోగదారులకు డబ్బాల్లో అమ్మే తుపాకీ మందు సరఫరాను తాత్కాలికంగా ఆపేసింది. నైట్రోసెల్యులోజ్ దొరకడం లేదన్నదే కారణం. ధరలు పెరగడం, షెల్ఫులు ఖాళీ అవడం పైకి కనిపించే సమస్య. అసలు చిక్కు వేరే ఉంది. కొరత వచ్చినప్పుడు మనిషి చేసే సర్దుబాట్లు ఈ పనిలో ప్రాణం మీదకు తెస్తాయి.

అసలేంటీ హ్యాండ్‌లోడింగ్?

తూటా పేలాక బుల్లెట్ వెళ్లిపోతుంది, మందు కాలిపోతుంది. ఇత్తడి తొడుగు మాత్రం మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, కొత్త ప్రైమర్, కొలిచిన మందు, కొత్త బుల్లెట్ పెట్టి మళ్లీ తూటాగా మార్చడమే హ్యాండ్‌లోడింగ్. సొంత వాడకానికైతే అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. అమ్మాలంటే మాత్రం కావాలి.

మామూలు 9 ఎంఎం పిస్టల్ ఉన్నవాళ్లకు దీంతో పెద్దగా కలిసొచ్చేది ఉండదు, ఎందుకంటే ఆ తూటాలు షాపుల్లో చౌకే. లెక్క మారేది .44 మాగ్నమ్, .45 కోల్ట్ లాంటి పెద్ద రివాల్వర్ల దగ్గర. షాపులో .44 మాగ్నమ్ తూటా ఒక్కోటి దాదాపు డాలరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే. శనివారం పొద్దున రేంజ్‌కు వెళ్లి వంద రౌండ్లు కాలిస్తే జేబుకు చిల్లే. అందుకే ఈ రివాల్వర్లు వాడేవాళ్లలో చాలామందికి ఇంట్లో నింపుకోవడం సరదా కాదు, అవసరం.

నిజానికి .44 మాగ్నమ్ పుట్టిందే ఇలాంటి బెంచీల మీద. ఎల్మర్ కీత్ అనే రచయిత, పశువుల పెంపకందారు, పాత .44 స్పెషల్ తూటాలో మందు పెంచుతూ ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. అంతకుముందు ఆయన చేతిలోనే ఒక .45 కోల్ట్ రివాల్వర్ పేలిపోయింది కూడా. ఆయన పోరు పడలేకే అన్నట్టు స్మిత్ అండ్ వెసన్, రెమింగ్టన్ కంపెనీలు కలిసి 1950ల మధ్యలో .44 మాగ్నమ్‌ను మార్కెట్లోకి తెచ్చాయి. 1971లో 'డర్టీ హ్యారీ' సినిమాలో క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతికి వచ్చాక దాని క్రేజ్ గురించి చెప్పేదేముంది! కీత్‌కు ఇష్టమైన మందు పేరు 2400. ఇప్పుడు దాన్ని అమ్మేది పైన చెప్పిన అలయంటే.

కొరత ఒక్కటి కాదు, రెండు

మొదటి దెబ్బ 2020లో ప్రైమర్ల మీద పడింది. కరోనా, అల్లర్లు, ఎన్నికలు.. అన్నీ ఒకే ఏడాది. తుపాకులకు సంబంధించిన ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లు 2019లో 2.84 కోట్లు ఉంటే, 2020లో 3.97 కోట్లకు చేరాయి. సరిగ్గా అప్పుడే రెమింగ్టన్ దివాలా తీసింది. వెయ్యి ప్రైమర్లు 30, 40 డాలర్లకు దొరికే రోజులు పోయి 100 డాలర్లు దాటినా దొరకని పరిస్థితి వచ్చింది.

అది ప్రధానంగా జనం ఎగబడి కొనడం వల్ల వచ్చిన కొరత. జనం చల్లబడితే తగ్గుతుంది. రెండోది అలాంటిది కాదు. యుద్ధానికి ముందు నెలకు దాదాపు 14 వేల 155 ఎంఎం గుళ్లు తయారు చేసే అమెరికా, లక్ష టార్గెట్ పెట్టుకుంది. ఫిరంగి గుండును విసిరే మందుకూ, రివాల్వర్ మందుకూ మూలం ఒకటే. అమెరికా సైన్యానికి నైట్రోసెల్యులోజ్ తయారయ్యే ప్రధాన కేంద్రం వర్జీనియాలోని రాడ్‌ఫోర్డ్ ప్లాంట్. ఇలాంటి ఫ్యాక్టరీ అంటే ఆమ్లాలు, పేలుడు ప్రమాదం, పర్యావరణ అనుమతులు. డబ్బుండగానే ఆరు నెలల్లో ఇంకోటి కట్టేయలేరు.

యూరప్ పరిస్థితి ఇంకా ఇబ్బంది. అక్కడ పత్తి నూగులో ఎక్కువ భాగం చైనా నుంచే వస్తుంది. ఆ సరుకు రావడం ఆగిపోయిందని 2024 మార్చిలో అప్పటి యూరోపియన్ కమిషనర్ థియరీ బ్రెటన్ బహిరంగంగానే అన్నారు. 2025లో జర్మనీ ఆయుధ కంపెనీ రైన్‌మెటాల్, రంగులు, లక్కర్ల కోసం నైట్రోసెల్యులోజ్ తయారు చేసే హాగెడోర్న్ సంస్థను కొనేసింది. ఎందుకో చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఇంకో విషయం గమనించాలి. అలయంట్, ఫెడరల్, సీసీఐ, రెమింగ్టన్ తూటాల వ్యాపారం 2024 చివర్లో చెక్ గ్రూప్ సీఎస్‌జీ చేతికి వెళ్లింది. అది యూరప్‌లో పెద్ద ఫిరంగి గుళ్ల తయారీదారు కూడా. పరిమితంగా ఉన్న సరుకును సైన్యాల కాంట్రాక్టుకు పంపాలా, టెన్నెసీలో ఎవరో రిటైర్డ్ పెద్దాయన కొనే చిన్న డబ్బాకు పంపాలా అన్న ప్రశ్న వస్తే.. జవాబు ఊహించడం కష్టమేం కాదు.

సర్దుకుపోతే ఏమవుతుంది?

ఇంట్లో నూనె తక్కువైతే కూరలో రెండు చుక్కలు తగ్గిస్తాం. బ్రాండ్ దొరక్కపోతే ఇంకోటి కొంటాం. ఇక్కడ ఆ రెండూ కుదరవు.

.44 మాగ్నమ్‌కు సరిపడే 2400, హెచ్110 లాంటివి కాస్త నెమ్మదిగా కాలే మందులు. ఇవి ఇత్తడి తొడుగును బాగా నింపేస్తాయి. పొరపాటున రెండుసార్లు పోస్తే పొంగి బయటకు వస్తుంది, కంటికి కనిపిస్తుంది. అవి దొరక్క వేగంగా కాలే పిస్టల్ మందుకు మారితే, అది అడుగున కొంచెమే ఉంటుంది. రెండుసార్లు పోసినా తొడుగులో పట్టేస్తుంది, పైనుంచి గబుక్కున తెలియదు. తర్వాత ట్రిగ్గర్ నొక్కితే సిలిండర్ పగిలిపోవచ్చు. ఇది తప్పు మందు కాదు, ఎంతోమంది జాగ్రత్తగా వాడుతున్నదే. కాకపోతే చేతి పొరపాటును ముందే పట్టిచ్చే ఆ భద్రత పోతుంది.

పోనీ ఉన్న మందునే తగ్గించి వేసి ఎక్కువ రోజులు లాగిద్దామా? హెచ్110ను ఇష్టమొచ్చినట్టు తగ్గించొద్దని దాన్ని అమ్మే హాడ్గ్‌డన్ కంపెనీయే హెచ్చరిస్తోంది. సరిగ్గా కాలకపోతే బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుంటుంది. అది గమనించకుండా రెండోది పేల్చితే గొట్టమే ఉబ్బిపోతుంది.

వీటన్నిటికంటే భయపెట్టేది పాత సరుకు. ఎవరో చనిపోతే వాళ్ల గ్యారేజీ సామాన్లు అమ్మకానికి పెడతారు. అందులో లేబుల్ ఊడిన డబ్బా ఒకటి. చూస్తే మందులన్నీ ఒకేలా ఉంటాయి, నల్లగా, బూడిద రంగులో. మామూలు రోజుల్లో అనుభవం ఉన్నవాడెవడూ దాన్ని ముట్టుకోడు. కరువులో "పర్లేదులే" అనిపిస్తుంది. పాత తూటాలదీ ఇదే తంతు. గట్టి రూగర్ రివాల్వర్ కోసం ఎక్కువ ఒత్తిడితో నింపిన .45 కోల్ట్ తూటా, 1873 నాటి డిజైన్ కోల్ట్‌లోనూ చక్కగా దూరుతుంది. దూరుతుంది, అంతే. ఆ తుపాకీ దాన్ని తట్టుకోలేదు.

మనవాళ్లకు దీంతో పనేంటి?

భారత్‌లో లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఈ హాబీ ఇక్కడ ప్రశ్నే లేదు. కానీ అమెరికాలో స్నేహితుల గ్యారేజీలో ఈ బెంచ్ చూసి ముచ్చటపడే తెలుగు కుర్రాళ్లు ఒకటి తెలుసుకోవాలి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాలపై ఉన్నవాళ్లు తుపాకీయే కాదు, తూటా దగ్గర ఉంచుకున్నా ఫెడరల్ చట్టం కింద నేరమే. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి.

గ్రీన్‌కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లకు ఆ ఇబ్బంది లేదు. వాళ్లకు ఎదురయ్యేది బ్యాగు సమస్య. రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగునే ఇండియా ప్రయాణానికి సర్దుకోవడం, అడుగున ఒక్క తూటా ఉండిపోవడం, ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో అది బయటపడడం. మన విమానాశ్రయాల్లో ఇలాంటి కేసులు అప్పుడప్పుడూ నమోదవుతూనే ఉన్నాయి. తెలియక ఉండిపోయిందని కోర్టుల్లో నిరూపించుకుని బయటపడినవాళ్లూ ఉన్నారు. ఆలోపు విమానం మాత్రం వెళ్లిపోతుంది.