బియ్యం మూట వాళ్ళది, పిడికెడు బియ్యం మాది
(పల్లె నుంచి పల్లెకి – 14వ భాగం)

పోయిన వారం పోస్టు కింద ఒకాయన "బియ్యం మూటకి మతం మారిన జాతి" అని రాసిపోయాడు. బ్లాక్ చేయమన్నారు మిత్రులు. చేయలేదు. ఆయనకి జవాబు చెప్పాలి. చెప్తూ చెప్తూ మనవాళ్ళని కూడా రెండు మాటలు అడగాలి. కోపం వస్తే రానీయండి, చివరిదాకా చదివాక తిట్టండి.

ముందు ఆ మూట సంగతి. మాది ఒంగోలు వైపు మాదిగపల్లె. మా ముత్తాతల కాలంలో, 1876 నుంచి 78 దాకా, కరువు వచ్చి మనుషులు దారుల వెంట రాలిపోయారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అప్పుడు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకి తీసుకున్నాడు. దొరకి సర్వే పని వచ్చు. మిగతా చోట్ల అగ్రకులాల మేస్త్రీలు మాదిగ కూలీలని తిట్టి, కొట్టి, కూలిలో కోత పెట్టేవాళ్ళు. క్లౌ తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు, వాళ్ళలో ఎక్కువమంది మా వాళ్ళే. పలుగూ పారా పట్టి, చేసిన పనికి కూలి తీసుకుని బతికారు మా ముత్తాతలు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. కరువు సాయం సాగినన్నాళ్ళూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ముగిశాకే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది నీళ్ళలో దిగారు. మూట ఎక్కడుందయ్యా ఇందులో?

అసలు బియ్యం ఇచ్చింది మేము. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి డాల్డా డబ్బాలో వేసేది. పూట పూటకీ. ఇంట్లో ఆరుగురం, ఉన్నది ముగ్గురికి చాలే బియ్యం, అయినా ఆ పిడికెడు తీయకుండా పొయ్యి వెలిగేది కాదు. ఆదివారం పల్లెలో ఆడవాళ్ళందరూ డబ్బాలు తెచ్చి గుళ్ళో చాప మీద కుప్ప పోసేవాళ్ళు. ఎవరూ లేని ముసలమ్మలకి ముందు కొలిచేవాళ్ళు. తర్వాత అయ్యగారింటికి. మిగిలింది అమ్మేవాళ్ళు. సైకిల్ మీద తిరిగే అయ్యగారు ఆయన, చెప్పులు తెగితే మా నాన్నే కుట్టేవాడు. నా పదో తరగతి పరీక్ష ఫీజు ఆ అమ్మిన డబ్బే. ఎవరి డబ్బాలో బియ్యమో నాకు తెలియదు, ఇచ్చిన వాళ్ళకీ తెలియదు. ఇది తీసుకునే జాతి కాదు, పెట్టే జాతి. కామెంటు రాసినాయనకి జవాబు అయిపోయింది.

ఇక మనవాళ్ళతో.

ఆ కుప్ప ఏమైంది?

మా చిన్నమ్మ కూతురు నర్సింగ్ రెండో సంవత్సరంలో మానేసింది. ఫీజు బాకీ ముప్పై ఎనిమిది వేలు. అదే ఏడాది మా చిన్నమ్మ గ్రూపు లోను తీసి, ప్రథమ ఫలం కింద పదిహేను వేలు మందిరానికి ఇచ్చింది. మైకులో పేరు చదివారు, చప్పట్లు కొట్టారు. కూతురి ఫీజుకి సంఘం నుంచి ఏమన్నా సర్దండి అని అడగడానికి పోతే, తల మీద చెయ్యి పెట్టి పావుగంట ప్రార్థన చేశారు. విశ్వాసం సన్నగిల్లకుండా చూసుకో అమ్మా అన్నారు. లోను వాళ్ళు మాత్రం వారం వారం వచ్చారు. ఆ పిల్ల ఇప్పుడు పొగాకు బ్యారన్ దగ్గర ఆకు కడుతోంది. ఆ నెలలోనే మందిరంలో ఎల్‌ఈడీ తెర పెట్టారు. యాభై గడపల పల్లెకి తెర!

మలాకీ మూడో అధ్యాయం పదో వచనం మా పల్లెలో చదువు రాని ముసలామెకి కూడా నోటికొచ్చు. దశమభాగం గిడ్డంగికి తెమ్మనే మాట. అదే అధ్యాయం ఐదో వచనం ఎంతమందికి వచ్చు? కూలివాడి కూలి ఎగ్గొట్టినవాడి మీద, విధవరాలిని, తండ్రి లేని పిల్లలని బాధపెట్టినవాడి మీద దేవుడే సాక్షిగా నిలబడతానంటాడు అక్కడ. ఐదు వచనాల దూరం. దాన్ని దాటేసి పదికి ఎగిరే బోధకుల మోకాళ్ళ బలానికి నమస్కారం.

ద్వితీయోపదేశకాండం పద్నాలుగో అధ్యాయం చివర చూడండి. మూడో ఏట దశమభాగం ఊళ్ళోనే ఉంచమంటుంది. తినేది ఎవరు? లేవీయుడు, పరదేశి, తండ్రి లేని బిడ్డ, విధవరాలు. సేవకుడికి వాటా లేదని నేననడం లేదు. ఉంది, వాళ్ళతో కలిసి ఒకే పంక్తిలో. పంక్తి లేపేసి విస్తరి ఒక్కటే మిగిల్చుకున్నారు.

బీద విధవరాలి రెండు కాసుల మీద ఎన్ని ప్రసంగాలు విన్నాం! ఉన్నదంతా ఇచ్చింది చూడండమ్మా, మీరూ ఇవ్వండమ్మా అని. మార్కు పన్నెండులో ఆ కథకి సరిగ్గా ముందు మాట ఏంటంటే, శాస్త్రులు విధవరాండ్ర ఇళ్ళు మింగేస్తున్నారని యేసు మండిపడతాడు. కథ అయిపోగానే దేవాలయం రాయి మీద రాయి నిలవదంటాడు. ఆమె ఇచ్చినందుకు ఆయన మురిసిపోయాడా, ఆమె దగ్గర చివరి కాసు కూడా లాగేసిన ఏర్పాటు చూసి కడుపు మండిందా? నాకైతే రెండోదే అనిపిస్తుంది. చదివి మీరే చెప్పండి.

మన డబ్బు మిగతా వాళ్ళ డబ్బు లాంటిది కాదు, అందుకే ఇంత గొంతు చించుకుంటున్నా. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ జాబితాని హిందువులకే కట్టేసింది. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు, మనని చేర్చలేదు. కాగితం మీద క్రైస్తవుడైన దళితుడు బీసీ–సీ, ఒక్క శాతం. ఊళ్ళో మాత్రం ఇప్పటికీ పేరు పెట్టి కాదు, కులం పెట్టే పిలుస్తారు. ఆ పక్క చట్టం, ఈ పక్క ఊరు, రెండూ చెయ్యి విడిచిన పిల్లకి మిగిలింది సంఘం ఒక్కటే. ఆ సంఘం తెర కొనుక్కుంటే పిల్ల ఎక్కడికి పోవాలి?

అందరు సేవకులనీ ఒకే గాటన కట్టడం లేదు. నెలకి రెండు వేలు రాని పల్లె పాస్టర్లు నాకు తెలుసు, జ్వరం వచ్చిన ఇంటికి అన్నం గిన్నె మోసుకుపోయే అమ్మగార్లు తెలుసు. నా గొడవ ఇవ్వడాన్ని పెట్టుబడి చేసిన వాళ్ళతో. వెయ్యి విత్తు, లక్ష కోస్తావు అనేది సువార్త కాదు, చిట్టీల కంపెనీ. తిరిగొస్తుందని ఇస్తే అది దానం ఎట్లా అవుతుంది?

ఉద్యోగాలు చేసుకుంటున్న నాలాంటి వాళ్ళం తక్కువ తిన్నామా? నేను మందిరం ఆర్చికి యాభై వేలు ఇచ్చాను. పాలరాయి మీద నా పేరుంది, బంగారు రంగు అక్షరాలు. ఆ పిల్ల ఫీజు కోసం చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు బ్యాంకు లోను ఎట్లా పెట్టుకోవాలో సలహా ఇచ్చాను. సలహా! ఆర్చి కింద నుంచి నడిచినప్పుడల్లా ఆ రాయి నన్ను చూస్తుంది.

ఇంకోటి. మన సాయం వీధి దాటదు. మాదిగపల్లె సంఘం డబ్బు మాలపల్లెకి పోదు, వాళ్ళది మాకు రాదు. బొట్టు పెట్టుకున్న ఇంటికి అసలే పోదు. మంచి సమరయుడి కథ మాత్రం రెండు చోట్లా చెప్తారు. పడిపోయినవాడి కులం, గుడి అడగకుండా సొంత డబ్బుతో సత్రంలో పెట్టినవాడు కదా అతను?

"అన్నా, ఇవన్నీ బయట రాస్తే వాళ్ళకి కర్ర చేతికిచ్చినట్టే" అంటారు ఇన్‌బాక్సులో. వాళ్ళ దగ్గర కర్రలు ఎప్పటినుంచో ఉన్నాయి, నేనివ్వాల్సిన పని లేదు. నా చిన్నమ్మ కూతురికి చెప్పుకునే చోటు మాత్రం లేదు.

ఈ జనవరి నుంచి మా పల్లెలో ఆరిళ్ళ వాళ్ళం డబ్బా మళ్ళీ పెట్టాం. ఇప్పుడు బియ్యం కాదు, రోజుకి ఇరవై రూపాయలు. దశమభాగంలోంచే తీసి వేస్తున్నాం. ఎవరు ఎంత వేశారో చదవం, ఎవరికిచ్చామో మైకులో చెప్పం. ఆర్నెల్ల డబ్బుకి పాలరాయి దగ్గర దోషినైన నేను మిగతాది కలిపి పిల్ల ఫీజు బాకీ కట్టాం. మళ్ళీ చేర్చుకుంటారో లేదో కాలేజీ వాళ్ళు ఇంకా చెప్పలేదు. ఆ తర్వాత పడ్డ డబ్బులోంచి మాలపల్లెలో ఒకామెకి డయాలసిస్‌కి పోయే ఆటో కిరాయి ఇస్తున్నాం. దాని మీద ఆరిళ్ళలో ఒకిల్లు అలిగి మానేసింది.

పాస్టరు గారు మా ఇళ్ళకి ప్రార్థనకి రావడం మానేశారు. మా అమ్మకి అదే దిగులు. "దేవుడి సొమ్ము రా, శాపం తగులుతుందేమో" అంటుంది రోజూ. అంటూనే కొంగు ముడి విప్పి ఇరవై కాగితం డబ్బాలో వేస్తుంది.

జై భీమ్.

(15వ భాగం: మా సమాధుల తోటకి దారి ఎవరు మూశారు?)